హేంగరు తీగ చెయ్యి

విజయవాడ,
14 జులై 1974

అక్కయ్యకు వీరభద్రం నమస్కారాలు.

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. శాంత రాత చూడముచ్చటగా ఉంది. కానీ నీ బదులు నీ కూతురు రాయడం ఇది వరసగా మూడోసారి. బావగారు పోయినప్పుడు కూడా నాలుగో రోజున నాకు నీ చేత్తో నువ్వే రాశావు. అందుకని అడుగుతున్నాను, ఏమైంది?

ఇక్కడ నా సంగతి చెబితే నవ్వుతావు. మా డ్రైక్లీనింగు షాపు యజమాని మద్రాసులో ఎక్కడో చూసొచ్చి, కోట్లూ పట్టుచీరలూ తగిలించి ఇవ్వడానికి ఇనుప తీగ హేంగర్లు పెట్టెలకి పెట్టెలు తెప్పించాడు. గవర్నరుపేట జనం బట్టలు మడత పెట్టించుకుని, హేంగరు బల్లమీదే వదిలేసి పోయేవాళ్లు. "మా ఇంట్లో ఉన్నది ట్రంకుపెట్టె నాయనా, దీన్ని ఎక్కడ తగిలించను?" అని ఒక ప్లీడరు గారి భార్య నన్నే అడిగింది. అలా మిగిలిపోయినవి రెండు గోనె కట్టలు నా గదిలోకి చేరాయి. చూస్తూ ఊరుకోలేక ఒక ప్లయరు కొనుక్కుని వంచడం మొదలుపెట్టాను. వేడి గిన్నె దించి పెట్టుకునే చుట్టకుదురు, అప్పడాలు కాల్చుకునే జల్లెడ, గోడకి గరిటెలు తగిలించుకునే కొక్కేల వరస. మా ఇంటావిడ సంపూర్ణమ్మ గారు క్రిస్మసు నక్షత్రానికి చట్రం కావాలని ఇప్పటినుంచే చెప్పిపెట్టింది.

నేను మగ్గం వదిలేసి పోయిన రోజున నాన్న ఏమన్నాడో నీకు గుర్తుందా? "వీడి చేతులు దారం తెంపడానికే పుట్టాయి" అన్నాడు. తీగ అంత సులువుగా తెగదు. అందుకే నాకు కుదిరిందేమో.

షాపులో పని మామూలే. ఈసారి నీ చేత్తో నాలుగు ముక్కలు రాయి.

నీ తమ్ముడు
వీరభద్రరావు


పెడన,
20 జులై 1974

చిరంజీవి వీరభద్రానికి అక్క ఆశీస్సులు.

నా చేతికి పని ఎక్కువ, శాంత చేతికి రాత అలవాటు కావాలి. అంతకు మించి ఏమీ లేదు. వానలు బాగా పడుతున్నాయి. మగ్గం గుంటలో చెమ్మ దిగింది, రోజూ నిప్పులు పెట్టి ఆరబెడుతున్నాం. ఆ అప్పడాల జల్లెడ ఎవరైనా ఇటొస్తుంటే పంపించు. నువ్వు వేళకి తిను.

బాలాత్రిపురసుందరి

మామయ్యా, పై ముక్కలు అమ్మ చెబితే రాశాను. ఈ కింద రాసేది అమ్మకి తెలియదు. మే నెలలో తడి నూలు ఎత్తుకొస్తూ కాలవ రేవు మెట్ల మీద జారిపడింది. కుడి చెయ్యి భుజానికి కింద విరిగింది. ఊళ్లో ఎముకలు కట్టే ఆయన కట్టు కట్టాడు. ఎముక అతికింది గానీ, మణికట్టు దగ్గర్నుంచి చెయ్యి వేలాడిపోతోంది. వేళ్లు ముడుచుకుంటాయి, తెరుచుకోవు. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. మగ్గం ఆరు నెలలు ఆడకపోతే నూలు ఆపేసి వేరేవాళ్లకి ఇవ్వాలని నేతగాళ్ల సంఘంలో నియమం ఉంది. నవంబరుకి ఆరు నెలలు నిండుతాయి. నేను బడి మానేసి మగ్గం మీద కూచుంటానంటే అమ్మ కేకలేసింది. కానీ నిన్న తనే, "పిడి ఎలా లాగాలో చూద్దువుగాని రా" అంది. ఆ మాట అన్నాక చాలాసేపు నా మొహం వంక చూడలేదు.

శాంతకుమారి


విజయవాడ,
24 జులై 1974

అక్కయ్యా,

శాంతని ఏమీ అనకు. అది రాయకపోతే నేను పరాయివాణ్నయిపోయేవాణ్ని.

సోమవారం బందరు పాసింజరెక్కి ఇద్దరూ రండి. స్టేషన్లో నేనుంటాను, షాపుకి సెలవు పెట్టాను. మిషన్ ఆసుపత్రిలో నీ పేరు రాయించి ఉంచాను. రానన్నావంటే నేనే పెడన వచ్చి నిన్ను మగ్గంతో సహా ఎత్తుకొస్తాను.

రెండున్నర నెలలు, అక్కయ్యా. రెండున్నర నెలలు నాకు చెప్పలేదు.

వీరభద్రం


పెడన,
5 ఆగస్టు 1974

చిరంజీవి వీరభద్రానికి,

క్షేమంగా ఇల్లు చేరాం. డాక్టరు గారు చెప్పిందే దారి పొడుగునా తలుచుకున్నాను. ఎముక విరిగినప్పుడు పక్కనున్న నరం నలిగిందట. తెగలేదు కాబట్టి ఏడాది లోపల మేలుకోవచ్చు, మేలుకోకపోనూ వచ్చు. అప్పటిదాకా చెయ్యి వేలాడకుండా ఎత్తి నిలబెట్టే పరికరం కట్టాలి. అది మద్రాసునుంచి రావాలి, వచ్చేసరికి కొత్త సంవత్సరం అవుతుంది. నా గడువేమో నవంబరు.

చేతులకీ కాళ్లకీ కసరత్తు చేయించే ఆ ఎలిజబెత్ సిస్టరు మాత్రం మంచి మనిషి. నా వేళ్లు ఒక్కొక్కటే తెరిచి చూసి, "ఇవి చచ్చిపోలేదమ్మా, వీటికి కబురు అందట్లేదు, అంతే" అంది. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను.

ఇంకొకటి. తిరిగి స్టేషనుకొచ్చేటప్పుడు మన రిక్షా మీ షాపు ముందునుంచే వచ్చింది. నువ్వు నన్ను అటు చూడనివ్వకుండా అవతలివైపు సినిమా బొమ్మలు చూపిస్తూ కూచున్నావు. అయినా చూశాను. బోర్డు లేదు. తలుపుకి తాళం, తాళం నిండా దుమ్ము. నేను చెయ్యి దాచాను, నువ్వు తాళం దాచావు. ఇక మీదట ఇద్దరం ఏదీ దాచొద్దు.

అక్క


విజయవాడ,
13 ఆగస్టు 1974

అక్కయ్యా,

నువ్వు చూసింది నిజమే. జూన్ మొదట్లోనే షాపు మూసేశారు. యజమాని మిషన్లు తీసుకుని హైదరాబాదులో అల్లుడి దగ్గరికి వెళ్లిపోయాడు. వెళ్తూ హేంగర్ల గుట్ట చూపించి, "ఈ చెత్త పాత ఇనుముకి వేసెయ్" అన్నాడు. వెయ్యబుద్ధి కాలేదు. ఇప్పుడు కాలేజీ లెక్చరర్ల చొక్కాలు గదిలోనే ఇస్త్రీ చేస్తున్నాను. నేత మానేసి ఒకళ్ల బట్టలు రుద్దడానికి పోయాడని మన వీధిలో నన్ను అన్నప్పుడల్లా నువ్వు నా తరఫున పోట్లాడావు. ఆ పని కూడా పోయిందని నీకెలా రాయను?

అది సరే. నిన్న మళ్లీ ఎలిజబెత్ సిస్టరు దగ్గరికి వెళ్లాను. ఆ మద్రాసు పరికరం ఎలా ఉంటుందో చూపించమంటే పుస్తకంలో బొమ్మ తీసింది. చూశాను. చుట్టూ తోలూ బకిల్సూ ఉన్నాయి గానీ, లోపల ఉన్నది ఒట్టి తీగ.

"వాళ్లు ఏ తీగతో చేస్తారండీ?" అని అడిగాను.

"వంగాలి, వంచినచోట నిలబడాలి. ఏదైనా ఒకటే" అంది.

సంచీలోంచి ఒక హేంగరు తీసి బల్లమీద పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ వంచి చూసింది. తర్వాత ఒక కుర్చీ నా వైపు జరిపింది. గంటన్నర కూచున్నాను. ఏ నరం ఏ వేలుని ఎత్తుతుందో, ఎక్కడ నొక్కితే పుండు పడుతుందో అంతా బొమ్మ గీసి చెప్పింది.

నువ్వు చెయ్యవలసింది ఒకటే. కుడి చెయ్యి పెద్ద కాగితం మీద పెట్టి, శాంతచేత చుట్టూ గీయించు. ముంజేతి లావు మూడుచోట్ల దారంతో కొలిచి, కొలిచినచోట ముడి వేసి పంపు.

వీరభద్రం


పెడన,
20 ఆగస్టు 1974

వీరభద్రం,

కాగితమూ దారాలూ పంపుతున్నాను. చెయ్యి చదునుగా ఉండనని మొండికేసింది. వేళ్ల మీద శాంత కల్వంరాయి పెట్టి గీసింది. ఎర్ర దారం మణికట్టుది, పచ్చది ముంజేతి మధ్యది, తెల్లది మోచేతి కిందిది.

నేను ఆశ పెట్టుకోవడం లేదు. నువ్వు పెట్టుకున్నావు కాబట్టి కాదనలేక పంపుతున్నాను.

అక్క


విజయవాడ,
4 సెప్టెంబరు 1974

అక్కయ్యా,

పార్శిలు విప్పేటప్పుడు జాగ్రత్త. నాలుగు హేంగర్లు పట్టాయి. ముంజేతి కింద దొన్నెలా ఉన్నది చెయ్యి పెట్టుకోవడానికి. దాని ముందు భాగం మణికట్టుని పైకెత్తి ఉంచుతుంది. చేతి మీదుగా చిన్న వంతెనలా లేచిన తీగకి నాలుగు సైకిలు ట్యూబు ముక్కలు వేలాడుతున్నాయి, వాటి కొసలకి గుడ్డ ఉంగరాలు. ఒక్కో ఉంగరంలో ఒక్కో వేలు పెట్టు. గుప్పిట ముడిస్తే ట్యూబు సాగుతుంది. వదిలితే అదే లాగి వేళ్లు తెరుస్తుంది. ముడవడం నీ పని, తెరవడం దాని పని.

ఎలిజబెత్ సిస్టరు తన చేతికి పెట్టుకుని చూసింది. మొదటి రోజు గంటకి మించి ఉంచొద్దంది. చర్మం ఎర్రబడితే వెంటనే తీసెయ్యాలట.

వీరభద్రం


పెడన,
12 సెప్టెంబరు 1974

వీరభద్రం,

ఉన్నదున్నట్టు రాస్తాను.

మొదట కట్టుకున్నప్పుడు వేళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి. శాంతా నేనూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. గ్లాసు పట్టుకున్నాను, వదిలాను. పది సార్లు పట్టుకుని వదిలాను. అంతటితో ఆగి ఉండవలసింది. ఆగలేక మగ్గంలో దిగాను. పిడి లాగితే నాడె దారం లాక్కుంటూ అవతలికి వెళ్లింది. రెండోసారి వెళ్లింది. తెగిన దారం ఒకటి ముడి వెయ్యబోయి ముందుకు వంగాను. నీ వంతెన కొస పడుగు నిలువు దారాల్లో దిగింది. చెయ్యి వెనక్కి తీసేసరికి నలభై దారాలు తెగిపోయాయి.

ఆ పడుగు ఎన్ని రోజుల పనో నీకు తెలుసు. పరికరం విప్పి మూలకి విసిరేశాను. మణికట్టు దగ్గర పుండు కూడా పడింది. అది చెయ్యి కాదురా, కొక్కెం. నీ శ్రమకి నాకు బాధగా ఉంది. కానీ ఇంక వద్దు. శాంత వచ్చే నెలనుంచి బడికి వెళ్లదు. నేనే దాన్ని పక్కన కూచోబెట్టుకుని నేర్పిస్తాను.

అక్క


విజయవాడ,
1 అక్టోబరు 1974

అక్కయ్యా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ప్లయరు ముట్టుకోలేదు. నాన్న మాటే నిజమనిపించింది. పెడనకి రాకుండా, ఇక్కడ కూచునే నీ పడుగు తెంపాను.

మూడో రోజు మంగళగిరి వెళ్లాను. నాతో బడిలో చదివిన తిరుపతిరావు అక్కడ నేస్తున్నాడు, నీకు తెలుసు. "నీ మగ్గం రెండు రోజులు నాకివ్వు" అన్నాను. నవ్వాడు. నా కుడి చేతికి అలాంటి పరికరమే చేసి కట్టుకొచ్చానని చూపించాక నవ్వడం మానేసి, పాత నూలు ఎక్కించి ఇచ్చాడు. చెయ్యి చచ్చుబడినట్టు వదిలేసి, తీగ మీదే భారం పెట్టి కూచున్నాను. పద్దెనిమిదేళ్ల తర్వాత గుంటలో కాళ్లు పెట్టాను. దారాలు తెంపాను, లెక్కలేనన్ని. కానీ ఈసారి ప్రతి దారం ఎందుకు తెగుతోందో చూశాను. చిన్నప్పుడు ఆ పని చెయ్యలేదు. తెగగానే ఏడ్చి లేచిపోయేవాణ్ని.

వంతెన రెండు వేళ్ల ఎత్తు ఎక్కువైంది. నేను గ్లాసు పట్టుకునే మనిషికి చేశాను గానీ, పడుగు మీదికి వంగే మనిషికి చెయ్యలేదు. ఇప్పుడు వంతెన చేతికి ఆనుకునే ఉంటుంది, బొటనవేలి వైపు వాలి ఉంటుంది. తీగ కొసలన్నీ లోపలికి తిప్పి చుట్టేశాను. పైన మొత్తం మెత్తని పాత పంచె పేలికతో చుట్టి కుట్టాను. దాన్ని పడుగు మీద వందసార్లు ఈడ్చాను. ఒక్క దారం తెగలేదు. తిరుపతిరావు తనూ ఈడ్చి చూశాడు.

"మీ అక్కతో చెప్పు, ఇది నేతగాడు చేసిన వస్తువని" అన్నాడు. ఆ మాట నీకు రాయాలనే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

నీ కొలతకి చేసింది దీంతోపాటే పార్శిలు పంపుతున్నాను, పుండు మానేదాకా కట్టుకోకు. శాంతని బడి మాన్పించకు. నాకు ఈ ఒక్క నెల ఇవ్వు.

వీరభద్రం


పెడన,
16 అక్టోబరు 1974

తమ్ముడూ,

ఇది నేనే రాస్తున్నాను. అక్షరాలు కోళ్లు తొక్కినట్టున్నాయి, సర్దుకుని చదువుకో.

పుండు మానింది. ఆదివారం కట్టుకున్నాను. నిన్న మూర నేశాను. ఇవాళ గజం. ఒక్క దారం తెగలేదు.

శాంత బడికెళ్లింది.

అక్క


విజయవాడ,
25 అక్టోబరు 1974

అక్కయ్యా,

నీ కోళ్లు తొక్కిన ఉత్తరం తీసుకెళ్లి ఎలిజబెత్ సిస్టరుకి చూపించాను. ఆమె దాన్ని డాక్టరు గారి బల్లమీద పెట్టి, "మద్రాసుకి రాసిన ఆర్డరు ఆపెయ్యండి సార్" అంది. ఆయన రెండుసార్లు చదివి నన్ను పిలిపించారు.

"ఇలాంటివి ఇంకా చెయ్యగలవా?"

"చేతిని బట్టి చెయ్యాలండి. ఎవరి పని ఏమిటో చెప్పాలి" అన్నాను.

ఆ మరునాడే ఉయ్యూరు దగ్గర్నుంచి శౌరయ్య అనే ఆయన వచ్చాడు. గడ్డివామి మీదనుంచి పడి చెయ్యి నీ చెయ్యిలాగే అయింది. భార్య అమలమ్మ అన్నం కలిపి నోట్లో పెడుతుంటే మొహం పక్కకి తిప్పుకుంటున్నాడు. ఆయన పని కొడవలితో. అందుకని బొటనవేలికి ఇంకో తీగ చేర్చాను. నాలుగు రోజుల్లో తయారైంది. కట్టగానే ఏం చేశాడో తెలుసా? భార్య చేతిలో టీ గ్లాసు తీసుకుని ముందు ఆవిడకి పట్టించాడు. అమలమ్మ టీ మొత్తం తాగేసింది.

డాక్టరు గారు నాకు ఆసుపత్రి వెనక ఒక గది ఇచ్చి పనిలో పెట్టుకున్నారు. తలుపు మీద సుద్దముక్కతో 'తీగ పని' అని రాశారు. నా కట్టలు అయిపోవచ్చాయి. బీసెంటు రోడ్డులో, గాంధీనగరంలో ఉన్న లాండ్రీలన్నీ తిరిగితే, పనికిరాని హేంగర్లు ఎన్ని కావాలంటే అన్ని పట్టుకుపొమ్మన్నారు. సైకిలు షాపుల వాళ్లు పాత ట్యూబులు ఇస్తున్నారు. ఇన్నాళ్లూ ఇవన్నీ చెత్తలోకి పోయాయి.

సంఘం వాళ్లు మగ్గం చూడ్డానికి ఎప్పుడొస్తారు? నన్ను రమ్మంటావా?

వీరభద్రం


పెడన,
9 నవంబరు 1974

తమ్ముడూ,

మొన్న కార్డు రాసి నిన్ను రావద్దన్నది ధైర్యం ఉండి కాదు. ఓడిపోతే నువ్వు చూడకూడదని. ఇప్పుడు రావద్దన్నందుకు విచారంగా ఉంది, ఎందుకంటే నువ్వు చూసి తీరాల్సింది.

నిన్న ఉదయం సంఘం వాళ్లు ఐదుగురు వచ్చారు. అధ్యక్షుడు వెంకటేశ్వరరావు గారు గుమ్మంలోనే నిలబడి మొదలుపెట్టారు.

"సుందరమ్మా, నీ కష్టం మాకు తెలియంది కాదు. కానీ నియమం నీ ఒక్కదానికోసం మార్చలేం. మీ ఆయన మగ్గమని మాకూ బాధగానే ఉంది."

"మార్చొద్దండి. ఆరు నెలలకి ఇంకా మూడు రోజులుంది. లోపలికొచ్చి కూచోండి" అన్నాను.

శాంత చాప వేసింది. వాళ్లు కూచున్నారు. నేను చేతికి తీగ కట్టుకుని గుంటలో దిగాను. పిడి లాగాను. నాడె అటు వెళ్లింది, ఇటు వచ్చింది. తర్వాత వాళ్లు ఉన్నారన్నదే మరిచిపోయాను. మధ్యలో ఒక పడుగు దారం తెగింది. ఎవరో "అదిగో" అన్నారు. ముందుకు వంగి ముడి వేశాను. నువ్వు పంచె పేలిక చుట్టిన వంతెన దారాల మీదనుంచి జారుకుంటూ వెళ్లి జారుకుంటూ వచ్చింది. కిటికీ నిండా వీధిలో జనం మొహాలు. గజం పూర్తయ్యాక ఆగాను.

వాళ్లలో ఒకాయన, పేరు రాయను, ఊరుకోలేకపోయాడు. "ఇది తీగ నేసిన బట్ట. చెయ్యి నేసినట్టు ఎలా అవుతుంది? ఆ తీగ తీసి నెయ్యమనండి" అన్నాడు.

నాకు మామూలుగా పెద్దవాళ్ల ముందు మాట రాదు. నిన్న వచ్చింది. "మీ కళ్లజోడు తీసి ఆ నియమాల పుస్తకం చదవండి, బాబాయిగారూ. మీరు చదివితే నేనూ తీగ తీసి నేస్తాను" అన్నాను.

కిటికీ దగ్గర ముందు ఆడవాళ్లు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఆయన కూడా కాసేపటికి నవ్వాడు, నవ్వక ఏం చేస్తాడు.

వెంకటేశ్వరరావు గారు మాత్రం నవ్వలేదు. మగ్గం దగ్గరికి వచ్చి, బట్ట మీద భూతద్దం పెట్టి దారాలు చూశారు. అంచు రెండు వైపులా వేలితో తడిమారు. చాలాసేపు చూశారు.

"అంచు ఎక్కడా గుంజలేదు. నూలు ఆపడానికి కారణం లేదు. రాసుకోండి" అన్నారు.

వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, "ఎవరు చేశారమ్మా ఇది?" అని అడిగారు.

"మా తమ్ముడండి. వీరభద్రరావు."

"మగ్గం మానేసి పోయాడు, ఆ అబ్బాయేనా?"

"మానలేదండి. కాస్త చుట్టు తిరిగొచ్చాడు" అన్నాను.

నరం ఇంకా మేలుకోలేదు. మేలుకుంటే సంతోషం. లేకపోతే నీ తీగ తుప్పు పట్టినప్పుడల్లా కొత్తది అడుగుతాను. శాంత నిన్న బడికి ఆలస్యంగా వెళ్లింది, ఎందుకు ఆలస్యమైందో టీచరు క్లాసు మొత్తానికి చెప్పించిందట.

మధ్యాహ్నం సంఘానికి వెళ్లాను. నూలు ఇంటికి పంపిస్తామన్నారు. వద్దని నేనే తీసుకున్నాను. మూట కుడి భుజం మీద పెట్టుకుని, తీగ కట్టిన చేత్తోనే పట్టుకుని మన వీధిలోకి వచ్చాను. నీకు తెలుసుగా, ఆ వేళప్పుడు వీధి పొడుగునా మగ్గాల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. నేను నడుస్తుంటే మొదటి ఇంట్లో చప్పుడు ఆగింది. వాళ్లు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. తర్వాత ఎదురింట్లో ఆగింది, ఆ పక్కింట్లో ఆగింది. ఇంటికొచ్చేసరికి వీధంతా నిశ్శబ్దం. నేను లోపలికెళ్లి, మూట దించి, గుంటలో దిగి పిడి లాగాను. అప్పుడు ఒక్కొక్క ఇంట్లోనూ మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి.

మీ అక్క
బాలాత్రిపురసుందరి